వెనుక మనిషి ఎక్కితే బండి తీరు మారుతుంది
మొదటిసారి ఇద్దరు వెళ్లే ముందు తెలుసుకోవలసిన సంగతులు

ఒకప్పుడు పల్లెలో ఎడ్లబండి లేనిదే పని సాగేది కాదు. నేడు ఆ స్థానంలోకి మోటారు సైకిల్ వచ్చింది. చేనుకు పోవాలన్నా, పాలు పోయాలన్నా, విత్తనాల దుకాణానికి, బ్యాంకుకు, ఆస్పత్రికి వెళ్లాలన్నా అదే ఆధారం. 1980లో ఇద్దరు కూర్చునే మోపెడ్‌గా టీవీఎస్ 50 వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. అప్పటి నుంచి చిన్న రైతు కుటుంబాలకు రెండు చక్రాల బండి మెల్లమెల్లగా దగ్గరయింది. భార్యాభర్తలు కలిసి కూలీకి, పొలానికి, చుట్టాల ఊరికి వెళ్లడం దానితోనే అలవాటయింది.

అయితే బండి నడపడం నేర్చుకున్న వారిలో చాలామంది, వెనుక మనిషిని ఎక్కించుకుని నడపడం వేరే విద్య అన్న సంగతి గమనించరు. ఒంటరిగా నెల రోజులు నడిపితే చాలు, "ఇగ వచ్చేసింది" అనుకుని ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టుకుని పటాన్‌చెరు రోడ్డెక్కుతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ ఏడాది హెల్మెట్ లేక చనిపోయిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. వారి చేతిలో హ్యాండిల్ లేదు, బ్రేక్ లేదు. నడిపే మనిషిని నమ్మి కూర్చున్నారు, అంతే.

బండిలో ఏం మారుతుంది?

ఒక లెక్క చూద్దాం. మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 100 సీసీ బండి బరువు సుమారు 110 కిలోలు. నడిపే రైతు 65 కిలోలు అనుకుంటే మొత్తం 175. వెనుక 55 కిలోల మనిషి కూర్చుంటే 230 అవుతుంది. అంటే బరువు దాదాపు మూడో వంతు పెరిగింది. పెరిగిన బరువంతా దాదాపుగా వెనుక చక్రం మీదే పడుతుంది. దీనివల్ల నాలుగు మార్పులు వస్తాయి.

మొదటిది, బండి కదలడానికి ఎక్కువ రేజ్ కావాలి. ఎప్పటిలాగే క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోతుంది, లేకుంటే ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. రెండోది, ముందు చక్రం తేలికవుతుంది. హ్యాండిల్ వదులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. మెల్లగా పోతున్నప్పుడు అటూ ఇటూ ఊగుతుంది. మూడోది, బ్రేక్ వేసిన చోట బండి ఆగదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. బ్రేక్ వేయాలని తోచేలోపే ఆ 11 మీటర్లు అయిపోతాయి. ఆ తరువాతనే ఆగడం మొదలవుతుంది. నాలుగోది, వెనుక భాగం కిందికి దిగడంతో హెడ్‌లైటు వెలుతురు పైకి లేస్తుంది. రాత్రి ముందున్న గుంత కనిపించదు. ఎదుటివారి కళ్లలో మాత్రం పడుతుంది.

బయలుదేరే ముందు బండి చూసుకోవాలి

టైర్ల గాలి: వెనుక చక్రానికి ఒక్కరు పోతే ఒక లెక్క, ఇద్దరు పోతే మరో లెక్క ఉంటుంది. ఇద్దరికి ఎక్కువ గాలి కావాలి. ఎంత అన్నది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు చైన్ కవరు దగ్గర అంటించిన చీటీ మీద కూడా ఉంటుంది. పంక్చర్ దుకాణంలో "పట్టియ్యి" అని ఊరుకోకుండా ఆ అంకె చెప్పి పట్టించాలి. చేతితో నొక్కి చూసి బాగుందనుకోవడం మంచిది కాదు. గాలి తక్కువైతే టైరు వేడెక్కుతుంది, మలుపులో బండి పక్కకు లాగుతుంది.

షాకప్‌లు: వెనుక షాకప్‌ల కింది భాగంలో మెట్లు మెట్లుగా తిప్పే ఏర్పాటు చాలా బండ్లకు ఉంటుంది. ఒక్కరికి మెత్తగా, ఇద్దరికి గట్టిగా పెట్టుకోవాలి. రెండు పక్కలా ఒకే మెట్టులో ఉండాలి. తెలియకపోతే మెకానిక్‌తో పెట్టించుకుంటే రెండు నిమిషాల పని.

బ్రేకులు, చైను: వెనుక బ్రేక్ పెడల్ చాలా లోతుకు పోతుంటే బిగించాలి. చైను మరీ వదులైనా, మరీ బిగువైనా చెడుపే. మనిషి కూర్చున్నప్పుడు చైను ఇంకా బిగుస్తుందని గుర్తుంచుకోవాలి.

ఫుట్‌రెస్టులు, పట్టుకునే కడ్డీ, సారీ గార్డు: ఇవి అలంకారానికి పెట్టినవి కావు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం ప్రకారం వెనుక కూర్చునే వారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే చోటు, వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పి బట్టలు చిక్కుకోకుండా కాపాడే అడ్డు తప్పనిసరి. పాల క్యాన్లు కట్టడానికి అడ్డమొస్తున్నదని కొందరు సారీ గార్డు విప్పి అటక మీద పడేస్తారు. మనిషిని ఎక్కించుకునే బండికి దాన్ని మళ్లీ బిగించాల్సిందే.

వెనుక కూర్చునే మనిషికి ముందే చెప్పాలి

ఎన్నడూ బండి ఎక్కని అవ్వనో, పిల్లనో కూర్చోబెట్టుకుంటే వాళ్లకు ఏం చేయాలో తెలియదు. బండి బయలుదేరిన తరువాత అరిచి చెప్పే కంటే ఆగి ఉన్నప్పుడే రెండు నిమిషాలు చెప్పడం మేలు. ఈ ఆరు మాటలు చాలు.

1. "నేను ఎక్కు అన్న తరువాతనే ఎక్కు." నడిపే మనిషి సైడ్ స్టాండ్ తీసి, రెండు కాళ్లు నేలకు గట్టిగా ఆనించి, ముందు బ్రేక్ పట్టుకుని ఉండాలి. అప్పుడే ఎక్కమనాలి.

2. "ఎడమ పక్క నుంచి ఎక్కు." ఎక్కువ బండ్లకు సైలెన్సర్ కుడి పక్క ఉంటుంది. అటు నుంచి ఎక్కినా, దిగినా పిక్క కాలుతుంది.

3. "బండి ఆగినా కాళ్లు కింద పెట్టకు." చాలామంది ఆగగానే సాయం చేద్దామని కాలు కింద పెడతారు. దాంతో బండి ఒక పక్కకు ఒరుగుతుంది. నిలబెట్టే పని నడిపే వారిదే.

4. "నన్ను నడుము దగ్గర పట్టుకో, లేకుంటే వెనుక కడ్డీ పట్టుకో." భుజాలు పట్టి లాగితే హ్యాండిల్ తిరుగుతుంది. మెడ చుట్టూ చేతులు వేయకూడదు.

5. "మలుపులో బండి ఎటు ఒరిగితే అటే ఒరుగు." భయపడి ఎదురు పక్కకు వంగితే బండి తిరగదు, రోడ్డు దిగుతుంది. నడిపే వారి భుజం మీదుగా, మలుపు ఉన్న పక్కకు చూస్తే ఒళ్లు దానంతట అదే సరిగా ఒరుగుతుంది.

6. "దిగాలన్నా, సర్దుకోవాలన్నా ముందే చెప్పు." బండి పోతుండగా వెనక్కి తిరిగి చూడటం, చెప్పు జారిందని వంగడం, చేయి చాచి మాట్లాడటం వద్దు.

మొదటి ప్రయాణం ఎక్కడ, ఎలా?

మొదటిసారి పెద్ద రోడ్డు మీదికి పోవద్దు. ఊరి బయట ఖాళీ స్థలంలోనో, పొద్దున్నే జనం లేని ఊరి బాటలోనో ఒకటి రెండు కిలోమీటర్లు నడపాలి. వెనుక కూర్చునేవారు బండి అలవాటున్నవారు, నడిపే వారి కంటే బరువు తక్కువ ఉన్నవారు అయితే మంచిది. చేతిలో సంచి కూడా ఉండకూడదు.

ముందుగా బయలుదేరడం, ఆగడం పదిసార్లు చేయాలి. మొదటి గేరులో వేసి, ఎప్పటి కంటే కొంచెం ఎక్కువ రేజ్ ఇచ్చి, క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఆగేటప్పుడు ఎప్పటికంటే ముందుగానే రేజ్ తగ్గించి, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కాలి. "ముందు బ్రేక్ వేస్తే పల్టీ కొడుతుంది" అని మన దగ్గర గట్టి నమ్మకం. బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. ఒక్కసారిగా గుంజడం, ఇసుక మీద గుంజడం, మలుపులో గుంజడం ప్రమాదం. తిన్నని రోడ్డు మీద వెనుక బ్రేకుతో కలిపి మెల్లగా పట్టుకుంటే అదే ప్రాణం కాపాడుతుంది.

బాగా నడుపుతున్నామా లేదా అని తెలుసుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. బ్రేక్ వేసినప్పుడు వెనుక మనిషి హెల్మెట్ వచ్చి మన హెల్మెట్‌కు తగులుతుంటే మనం బ్రేకు ఆలస్యంగా, మొరటుగా వేస్తున్నట్టు. గేరు మార్చినప్పుడల్లా ఆ మనిషి వెనక్కి ఊగుతుంటే క్లచ్ తొందరగా వదులుతున్నట్టు. ఈ రెండూ తగ్గిన నాడు పెద్ద రోడ్డు గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా మొదటి కొన్నాళ్లు 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ముందు పోయే బండికి ఒంటరిగా ఉన్నప్పుడు వదిలే దూరానికి రెట్టింపు వదలాలి. ముందున్న లారీని దాటి పోవడానికి ఇప్పుడు ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి "ఒక్క రేజ్‌తో దాటేస్తా" అన్న పాత లెక్క పనికిరాదు.

చేను బాట నుంచి రోడ్డెక్కేటప్పుడు

చేను బాట నుంచి తారురోడ్డు ఎక్కే చోట సాధారణంగా నిటారు ఎత్తు ఉంటుంది. చెరువు కట్ట ఎక్కేచోట కూడా అంతే. వెనుక మనిషి ఉన్నప్పుడు అక్కడ ముందు చక్రం తేలుతుంది, లేకుంటే ఇంజన్ ఆగి బండి వెనక్కి జారుతుంది. ఇలాంటి చోట మొహమాటం వద్దు. "జర దిగు, పైకి ఎక్కినంక కూర్చుందువు" అని చెప్పి దింపాలి. పది అడుగులు నడిస్తే పోయేదేమీ లేదు. అదే విధంగా వాగు నీళ్లు రోడ్డు మీదుగా పారుతుంటే దాటే ప్రయత్నమే చేయకూడదు.

భానూర్ చుట్టుపక్కల రోడ్ల మీద

మన ప్రాంతం అటు పల్లె, ఇటు ఫ్యాక్టరీ. భానూర్‌లో భారత్ డైనమిక్స్ కర్మాగారం ఉంది. పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు దగ్గరే. షిఫ్టులు మారే వేళ బస్సులు, లారీలు, వందల మోటారు సైకిళ్లు ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. కొత్తగా మనిషిని ఎక్కించుకున్న వారు ఆ సమయం తప్పించి అరగంట ముందో, వెనుకో బయలుదేరితే సగం ప్రమాదం తప్పుతుంది. లారీ ఎడమ పక్కన అంటుకుని పోకూడదు. లారీ డ్రైవర్ అద్దంలో మనకు కనిపించకపోతే మనం కూడా అతనికి కనిపించనట్టే. అవుటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారిపైకి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. పక్కనున్న సర్వీసు రోడ్డు మీదనే పోవాలి. ముంబై జాతీయ రహదారి 65 మీద అడ్డంగా దాటవలసి వస్తే డివైడర్ సందులో నుంచి దూరకుండా యూటర్న్ వరకు పోయి తిరగాలి. ఎదురు దారిలో పోవడం ఎంత దగ్గరైనా పనికిరాదు.

వ్యవసాయ పనుల వల్ల వచ్చే చిక్కులు కూడా ఉన్నాయి. దమ్ము చేసి వచ్చే ట్రాక్టర్ కేజ్‌వీల్స్ నుంచి రాలిన బురద వాన పడితే సబ్బులా జారుతుంది. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మక్కల మీద బ్రేక్ వేస్తే ఇద్దరున్న బండి నిలవదు. ఆరబోసే రైతులూ ఇది ఆలోచించాలి. వడ్ల చుట్టూ రాళ్లు పేర్చడం చీకట్లో వచ్చే మరో రైతు కుటుంబానికి ప్రాణం మీదికి తెస్తుంది. రోడ్డు పక్కన నిలిపిన ట్రాక్టర్ ట్రాలీకి వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

చీర కట్టుకున్న ఆడవాళ్లు

మన ఆడవాళ్లలో ఎక్కువమంది రెండు కాళ్లు ఎడమ పక్కకే పెట్టి కూర్చుంటారు. ఇలా కూర్చుంటే బరువు ఒక పక్కకే పడుతుంది, బ్రేక్ వేసినప్పుడు పట్టు తప్పుతుంది. పంజాబీ డ్రెస్ వేసుకున్న వారు రెండు పక్కలా కాళ్లు వేసి కూర్చోవడమే క్షేమం. చీరలో అలా వీలు కాదనుకుంటే కనీసం ఈ జాగ్రత్తలు తీసుకోవాలి. కొంగు నడుముకు చుట్టి దోపాలి. చున్నీ అయితే రెండు కొసలూ ముందుకు తెచ్చి ముడి వేయాలి. కుచ్చిళ్లు మోకాళ్ల కింద అదిమి పెట్టాలి. రెండు పాదాలూ ఫుట్‌రెస్ట్ మీద ఆనాలి, గాలిలో వేలాడకూడదు. ఒక చేయి నడిపే వారి నడుముకు, రెండో చేయి వెనుక కడ్డీకి ఉండాలి. ఒడిలో మూట పెట్టుకుంటే పట్టుకోవడానికి చెయ్యి మిగలదు. చక్రంలో చిక్కిన కొంగు మనిషిని లాగి పడేయడానికి రెప్పపాటు చాలు. కొంగు ఎగురుతున్న బండి కనిపిస్తే పక్కనుంచి పోయేవారు హారన్ కొట్టి చెప్పడం ధర్మం.

పిల్లలు, ముసలివాళ్లు, రోగులు

పసిపిల్లను ఒడిలో పెట్టుకుని ఒక చేత్తో కొంగు, మరో చేత్తో పిల్లను పట్టుకుని కూర్చున్న తల్లిని రోజూ చూస్తుంటాం. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లను తీసుకుపోతే పిల్లను నడిపే వారికి కట్టే బెల్టు, పిల్లకు హెల్మెట్ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు మించకూడదు. పెట్రోలు ట్యాంకు మీద పిల్లను కూర్చోబెట్టడం చాలా ప్రమాదం. బ్రేక్ పడితే పిల్ల హ్యాండిల్‌కు, మన ఛాతీకి మధ్య నలుగుతుంది.

నెలలు నిండిన గర్భిణిని, జ్వరంతో తూలుతున్న వారిని, తాగి ఉన్నవారిని బండి మీద ఎక్కించుకోవద్దు. స్పృహ తప్పిన వారిని మధ్యలో కూర్చోబెట్టి వెనుక మరొకరు పట్టుకుని ఆస్పత్రికి పోవడం వల్ల మెడకు, వెన్నుకు ఉన్న దెబ్బ ఎక్కువవుతుంది. 108కు ఫోన్ చేయాలి.

మనిషీ, బస్తా రెండూ వద్దు

ట్యాంకు మీద యూరియా బస్తా, వెనుక భార్య, ఆమె చేతిలో స్ప్రేయర్. ఇది సీజన్లో మామూలుగా కనిపించే దృశ్యం. బండి మోయగల బరువుకు ఒక హద్దు ఉంది. నడిపే మనిషి, వెనుక మనిషి, మూట అన్నీ కలిపి అందులోకే రావాలి. 45 కిలోల బస్తా ముందు ఉంటే హ్యాండిల్ పూర్తిగా తిరగదు. మనిషిని తీసుకుపోతే బస్తా మరో దఫా, బస్తా తీసుకుపోతే మనిషి బస్సులోనో, ఆటోలోనో. కొడవలి, గొడ్డలి వంటివి చేతిలో పట్టుకుని కూర్చోకూడదు. గోనెపట్టాలో చుట్టి బండికి కట్టాలి. పురుగు మందు డబ్బా ఒడిలో పెట్టుకోవడం అసలే వద్దు. పడితే దెబ్బతో పాటు విషం కూడా.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం ద్విచక్ర వాహనం మీద నడిపేవారు కాక మరొక్కరే ఉండాలి. 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారికీ, వెనుక కూర్చునేవారికీ కూడా హెల్మెట్ ఉండాలి. 2019 సవరణ చట్టంలో ఈ రెండు తప్పులకూ 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అని రాశారు. హెల్మెట్ మీద ఐఎస్ఐ గుర్తు చూసి కొనాలి, గడ్డం కింద పట్టీ పెట్టుకోవాలి. పట్టీ పెట్టని హెల్మెట్ పడేటప్పుడు మనకంటే ముందే ఎగిరిపోతుంది.

మరో ముఖ్య విషయం. లెర్నింగ్ లైసెన్సు మీద ఉన్నవారు నేర్పేవారిని తప్ప ఎవరినీ వెనుక ఎక్కించుకోకూడదు. ఆ నేర్పేవారికి కూడా లైసెన్సు ఉండాలి. లెర్నింగ్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచిన తరువాత పరీక్షకు వెళ్లి పక్కా లైసెన్సు తెచ్చుకోవచ్చు. 18 ఏళ్లు నిండని కొడుక్కి బండి ఇచ్చి "అమ్మను దింపి రాపో" అనే తండ్రులు కేసు తమ మీదికే వస్తుందని తెలుసుకోవాలి.

ఇన్సూరెన్సు కాగితం ఒకసారి తీసి చూడండి

రైతులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. "బండికి ఇన్సూరెన్సు ఉంది" అంటే వెనుక కూర్చున్న మనిషికి కూడా ఉన్నట్టే అనుకుంటాం. అది నిజం కాదు. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్న పాలసీ వెనుక కూర్చున్న వారికి వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. ప్యాకేజీ పాలసీ (కాంప్రహెన్సివ్ అని కూడా అంటారు) అయితే వెనుక కూర్చున్న వారికీ వర్తిస్తుందని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులో కంపెనీలకు స్పష్టం చేసింది. అంటే మన బండి తప్పుతో పడిపోయి వెనుక ఉన్న చుట్టానికి కాలు విరిగితే, థర్డ్ పార్టీ కాగితం ఉన్న రైతు పరిహారం తన జేబులోంచే ఇవ్వాల్సి రావచ్చు. ఎదుటి లారీది తప్పయితే మాత్రం ఆ లారీ ఇన్సూరెన్సు నుంచి పరిహారం అడగవచ్చు.

2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి థర్డ్ పార్టీ ఒకేసారి ఐదేళ్లకు ఇస్తున్నారు. మొదటి ఏడాది దాటాక మిగతా భాగం కట్టకపోతే చేతిలో మిగిలేది థర్డ్ పార్టీ ఒక్కటే కావచ్చు. కాగితం ఏజెంటుకు చూపి "వెనుక కూర్చునేటోళ్లకు వస్తదా, రాదా? ఎక్కడ రాసి ఉంది?" అని అడగాలి. వెనుక మనిషికి విడిగా ప్రమాద బీమా చేర్పించుకునే వీలు కూడా ఉంటుంది. లైసెన్సు లేకుండా నడిపిన కేసుల్లో కంపెనీ పరిహారం కట్టినా దాన్ని బండి యజమాని నుంచి వసూలు చేసుకునే హక్కు కోర్టులు ఇస్తున్నాయి. ఎకరం, రెండెకరాల రైతుకు అంటే భూమి మీదికి వచ్చినట్టే.

2018లో మొదలైన రైతు బీమా పట్టాదారు పేరుతో ఉంటుంది. భూమి భర్త పేరున ఉంటే, వెనుక సీటు మీద కూర్చున్న భార్యకు అది రాదు. పొలంలో సగం పని చేసే మనిషికి ఏ కాగితం అండగా ఉందో ఇంట్లో కూర్చుని ఒకసారి లెక్క చూసుకోవాలి.

చివరగా

కొత్త ఎడ్లను కాడికి కట్టిన నాడు ఏ రైతూ నిండు బండి లాగించడు. ముందు ఖాళీ బండి, తరువాత సగం బరువు, ఆ తరువాతనే నిండు బండి. మోటారు సైకిల్‌కూ అదే పద్ధతి. ముందు ఒంటరిగా, తరువాత ఊరి బాటలో ఇద్దరు, ఆ తరువాతనే పెద్ద రోడ్డు. వెనుక నుంచి "జర మెల్లగ పో" అన్న మాట వినిపిస్తే చిన్నతనం అనుకోవద్దు. ముందున్న గుంత మీకు ముందే కనిపిస్తుంది, వెనుక ఉన్నవారికి కనిపించదు. ఆ మనిషికి భయం వేసిందంటే వేగం ఎక్కువైనట్టే. రేజ్ తగ్గించండి. ఇల్లు ఎక్కడికీ పోదు.